పెద్దమ్మకు నచ్చని ఎపిసోడ్లు

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు ఒక టీ కొట్టులో, నవ్వుల మధ్య అందింది. రంగత్‌లో ప్రార్థన కూటాలు ముగించుకుని పోర్ట్ బ్లెయిర్‌కి తిరిగి వస్తున్నాను. అడవి దారి మొదట్లో గేటు తెరిచేదాకా బస్సులన్నీ వరసగా ఆగి ఉన్నాయి. కొట్టు గోడకి బిగించిన టీవీలో ఏదో కామెడీ కార్యక్రమం నడుస్తోంది. చీర కట్టుకున్న మగవాడొకడు ఇంకొకడి చేత చెంపదెబ్బలు తింటున్నాడు. ఎక్కడున్నారో కనిపించని జనం పగలబడి నవ్వుతున్నారు. ఫోన్ మోగింది. అవతల పెద్దమ్మ కోడలు.

"అన్నా, అత్త పోయింది. పొద్దున్న టీ తాగి కప్పు కింద పెట్టింది. గోడకి ఆనుకుంది. బస్, అంతే."

నాకు సరిగ్గా వినిపించలేదు. వినిపించింది కానీ, ఆ నవ్వుల్లో అర్థం కాలేదు. "ఆవాజ్ కమ్ కరో భయ్యా" అన్నాను కొట్టువాడితో, చప్పుడు తగ్గించమని. "అరే భయ్యా, కామెడీ హై. హస్‌నా మనా హై క్యా?" అన్నాడు వాడు, టీ వడగడుతూ. నవ్వడం కూడా తప్పేనా అని వాడి ప్రశ్న.

కొన్ని నవ్వులు తప్పే. ఆ సంగతి నాకంటే బాగా చెప్పగల మనిషి ఆ ఉదయమే వెళ్ళిపోయింది.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. సునామీ తర్వాత ప్రభుత్వం వేయించిన రేకుల షెల్టర్లలో మా గది పక్క గది ఆమెది. అప్పటినుంచీ పెద్దమ్మ అయింది. మన సంఘంలో చాలామందికి ఆమె తెలుసు. పోర్ట్ బ్లెయిర్ బతు బస్తీలో ఆమె ఉండే వీధిన నడిచేవాళ్ళకి ఆమె మొహం కంటే గొంతు బాగా తెలుసు. సాయంత్రమైతే టీవీ కంటే గట్టిగా వినిపించేది. కోడలు, కోడలి భర్త, మనవరాలు, వీళ్ళతోనే ఉండేది. ఆ భర్త పెద్దమ్మ కొడుకు కాడు. ఈ నాలుగు మాటలూ రాయడానికి కూర్చున్నది ఆ సంగతి చెప్పడానికే.

నేను పెద్దమ్మ ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మంచం చుట్టూ ఆడవాళ్ళు కూర్చున్నారు. కోడలు తల దగ్గర ఉంది. నేను ప్రార్థన మొదలుపెట్టాను. సగంలో ఉండగా వెనక ఇంట్లోంచి సీరియల్ పాట అందుకుంది, ఆ డప్పులూ, ఆ ఆడగొంతు ఆక్రోశమూ. చావింటి పక్కన! లేచి వెళ్ళి నాలుగు దులిపేద్దామని అనుకునేలోగానే మనవరాలు, పదో తరగతి పిల్ల, కిటికీలోంచి తల బయటపెట్టి "బకవాస్! బంద్ కరో!" అని అరిచింది. అచ్చం ముసలమ్మ గొంతే. అదే విరుపు. ఏడుస్తున్నవాళ్ళు ఒక్కసారి తలలెత్తారు. ఎవరో ముక్కు చీదుతూనే కిసుక్కుమన్నారు. కోడలు కూడా నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ పెద్దమ్మ చేతిమీద నుదురు పెట్టి ఏడ్చింది. వెనక ఇంట్లో పాట ఆగింది.

"బకవాస్", అంటే చెత్త, ఆ మాటతోనే పెద్దమ్మ ప్రతి ఎపిసోడ్‌కీ తీర్పు ముగించేది.

కిందటి నెలలో ఆఖరిసారి చూడబోయినప్పుడు కూడా టీవీ ముందే ఉంది. గోడకి దిండు, దిండుకి ఆమె, ఆమె భుజానికి మనవరాలు. నన్ను చూసి చోటిచ్చింది.

"రా బాబూ, మంచి టయానికి వచ్చినావు. దీనికి మళ్ళా బుర్ర పోయింది."

"ఎవరికి పెద్దమ్మా?"

"ఆ కోడలు పిల్లకి. మెట్లమీంచి పడింది. మొగుణ్ణి మరిసిపోయింది, కన్నకూతుర్ని మరిసిపోయింది. మెళ్ళో నగలు మాత్రం ఒక్కటీ మరిసిపోకుండా ఏసుకుంది సూడు. ఇంకోపాలి మెట్లమీంచి పడితే అన్నీ గేపకమొచ్చెస్తాయి. ఆ ఇంట్లో మెట్లు తీసీయరేటి?"

తర్వాత ఎపిసోడ్లలో అలాగే పడిందట, అలాగే గుర్తొచ్చిందట. మనవరాలు చెప్పింది.

నేను వాక్యం చెప్పేవాణ్ణి. ఏ బడిలోనూ చదివి రాలేదు, లేఖనాన్ని చేత్తో పట్టుకుని సొంతంగా కూడబలుక్కున్నవాణ్ణి. టీవీని ఖండిస్తూ నేను చేసినన్ని ప్రసంగాలు ఈ ద్వీపాల్లో ఇంకెవరూ చేసి ఉండరు. ఎడారిలో చెవిపోగులు కరిగించి దూడను పోతపోసి దాని చుట్టూ గంతులు వేసినవాళ్ళకీ, సాయంత్రం ఈ పెట్టె చుట్టూ మూగేవాళ్ళకీ తేడా లేదని ఎన్నిసార్లు అరిచానో. కానీ నేను దూరం నుంచి తిట్టాను. ఆమె దగ్గర కూర్చుని, ఒక్క ముక్క వదలకుండా చూసి తిట్టింది. అందుకే ఆమె తిట్టుకి పదునెక్కువ.

ఒకసారి అంది: "ఈళ్ళు ముద్ద మింగగా ఎప్పుడైనా సూసినావా బాబూ? కలుపుతారు, కలుపుతారు, ఎవులో ఒక మాటంటారు, కంచంలో సెయ్యి కడిగీసుకుని లేసి ఎల్లిపోతారు. బియ్యం ఓడ రెండు వారాలు రాకపోతే అప్పుడు తెలుస్తాది ఈళ్ళకి." ఆ రోజు నుంచి ఎవరింట్లోనైనా సీరియల్ కంటబడితే నేను అదే చూస్తున్నాను. నిజం. ఎవరూ మింగరు. పాలల్లో విషం కలిపే అత్త, ఆ పాలు పట్టుకుని మూడు వైపుల నుంచీ మూడుసార్లు ఉలిక్కిపడే కోడలు, ఉరుములు, మెరుపులు, ఆకలి మాత్రం ఎవరికీ లేదు. పట్టుచీరలతో పడుకుంటారు, బొట్టు చెదరకుండా లేస్తారు. పనికి వెళ్ళేవాడొక్కడూ కనపడడు. ఇది మనుషుల బతుకని చూపిస్తారు. ఛీ!

కామెడీలంటే ఆమెకి ఇంకా రోత. లావుగా ఉన్న మనిషి వస్తే నవ్వు, నల్లగా ఉన్న మనిషి వస్తే నవ్వు, చెవిటి ముసలమ్మ వస్తే ఇంకా నవ్వు. పక్కన సోఫాల్లో కూర్చున్న పెద్దమనుషులు జారిపడేటట్టు నవ్వి చప్పట్లు కొడతారు. వాళ్ళు చాలనట్టు తెరమీద కనిపించని జనం నవ్వు. "ఆ కనపడకండా నవ్వీవోళ్ళు ఎవులు? మొకాలు ఒక్కపాలి సూపించమను, సూస్తాను. మొకం సూపించడానికి సిగ్గై గావాల, గొంతులే ఇనిపిస్తారు" అనేది.

ఒకే ఒక్కదాన్ని మెచ్చుకుంది. ఏదో చిన్న హాస్య నాటిక. మొగుడూ పెళ్ళాం చిరిగిన దోమతెర గురించి పోట్లాడుకుంటారు. ఆఖరికి ఇద్దరూ చెరో కొసా పట్టుకుని, మాట్లాడకుండా, కుట్టుకుంటారు. పాట లేదు, ఉరుము లేదు. "ఇది రాసినోడికి పెళ్ళైంది" అని ఒప్పుకుంది. అంతకంటే పెద్ద మెప్పు ఆమె నోట నేను వినలేదు.

మరి ఇంత అసహ్యం పెట్టుకుని రోజూ ఎందుకు చూసేది? ఆ ప్రశ్న నేనే అడిగాను, షెల్టర్లో ఉన్నప్పుడు.

సునామీకి ముందు వాళ్ళు సిప్పీఘాట్ పల్లంలో ఉండేవారు. ఆ ఇల్లు నీళ్ళపాలైంది. అది చిన్న సంగతి. కొడుకు అప్పుడు కార్ నికోబార్‌లో కాంట్రాక్టు పనిమీద ఉన్నాడు. సునామీ వచ్చిన ఆ ఆదివారం తర్వాత అతన్ని చూశామన్నవాళ్ళు లేరు. శవమూ లేదు. చనిపోయినట్టేనని ప్రభుత్వం కాగితమిచ్చింది. కోడలు అప్పటికి పెళ్ళై ఏడాది నిండని పిల్ల, తల్లిలేని పిల్ల. ఇద్దరూ షెల్టర్లో చేరారు. దుఃఖం కొంచెం మరిచిపోతారని డిగ్లీపూర్‌లో ఉన్న పెద్దమ్మ తమ్ముడు ఒక పాత టీవీ ఓడమీద పంపాడు. మంచివాడే. ఏం పంపుతున్నాడో తెలియకుండా పంపాడు.

మా రెండు గదులకీ మధ్య ఒక రేకు. అటు గరిటె పడితే ఇటు మా పాప ఉలిక్కిపడేది. నేను ప్రసంగం సిద్ధం చేసుకునే వేళకే అటు సీరియల్ మొదలయ్యేది, దానిమీద పెద్దమ్మ తిట్లు. ఒక సాయంత్రం ఓపిక నశించి వెళ్ళాను.

"పెద్దమ్మా, ఆ పెట్టె కట్టెయ్. చెడ్డదాన్ని కళ్ళెదుట పెట్టుకోవద్దంటోంది వాక్యం."

"సెడ్డదని నాకు తెల్దేటి? నీకంటే ముందునుంచీ నానే తిడతన్నాను గదా. ఇనిపించడం లేదేటి నీకు?"

"వీధి చివరిదాకా వినిపిస్తోంది. అంత రోతైతే చూడడమెందుకు?"

ఆమె వెనక్కి చూసింది. కోడలు పెరట్లో గిన్నెలు తోముతోంది. పెద్దమ్మ బయటికొచ్చి తలుపు దగ్గరకి వేసి, మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడింది.

"అది సూస్తంది బాబూ. నాను కట్టీసినాననుకో, పక్కోళ్ళ గదిలోకి పోయి సూస్తాది. ఒక్కత్తీ సూస్తే నమ్మీస్తాది. నాను పక్కన కూకుని తిడతంటే కొంచెం తగ్గుతాది."

"ఏం నమ్ముతుంది?"

"సచ్చినోళ్ళు తిరిగొస్తారని."

ఆ సీరియల్ మీలో కొందరు చూసే ఉంటారు. పేరెందుకు, అలాంటివి పది ఉన్నాయి. కథానాయకుడు పడవలోంచి సముద్రంలో పడతాడు. పెళ్ళాం బొట్టు చెరుపుకుంటుంది. వారాల తరబడి ఏడుస్తుంది, ఇంటిల్లిపాదీ ఏడుస్తారు, ప్రకటనల మధ్య ఏడుస్తారు. తర్వాత ఒక సాయంత్రం వాడు తిరిగి వస్తాడు, గడ్డం చక్కగా కత్తిరించుకుని. "సముద్రంలో దోబీ ఉన్నాడేటి, సొక్కా ఇస్త్రీ సేసుకుని వచ్చీసినాడు? నీళ్ళలో పడినోడు ఎలగుంటాడో ఈళ్ళకి సెప్పీవోళ్ళు లేరా?" అని అటు రేకు అవతల పెద్దమ్మ అరుస్తుంటే ఇటు నేను కళ్ళు మూసుకున్నాను. ఎలా ఉంటాడో మాకు తెలుసు. ఒడ్డుకు కొట్టుకొచ్చినవాళ్ళని పాతిపెట్టిన చేతులివి.

ఆ ఎపిసోడ్ వచ్చిన వారం, నికోబార్ నుంచి ఓడ వచ్చిందని తెలిసి కోడలు తల దువ్వుకుని జెట్టీకి వెళ్ళింది. దిగేవాళ్ళందరూ దిగేదాకా కంచె పట్టుకుని నిలబడింది. పెద్దమ్మ వెనకాలే వెళ్ళింది. "ఆకలేస్తంది, ఇంటికెల్దాం రా" అందట. ఆ తర్వాత ఏ సీరియల్లో ఎవడు బతికొచ్చినా, తర్వాతి ఓడకి ఆ పిల్ల కంచె దగ్గర ఉండేది. ఏడాది కాదు, రెండేళ్ళు కాదు. ఇరవై ఏళ్ళ పిల్ల ఒక కంచె పట్టుకుని ఎండిపోతోంది. దాన్ని అక్కడినుంచి ఎలా లాగాలన్నదే పెద్దమ్మ బతుకంతా.

చిన్నవాళ్ళను తప్పుదారి పట్టించేవాడి మెడకు తిరగలి రాయి కట్టి సముద్రంలో పడేయడమే మేలని చెప్పిన మాట ఒకటుంది లేఖనంలో. ఆ కథ రాసినవాణ్ణి తలచుకుంటే నాకు ఆ రాయే కనిపించేది. అయితే మా సముద్రంలో వద్దు. ఇక్కడ చాలినంతమంది ఉన్నారు.

శుక్రవారం సాయంత్రాలు షెల్టర్ మధ్య ఖాళీ స్థలంలో కూటం పెట్టేవాణ్ణి. వాక్యానికి ముందు సాక్ష్యాలు చెప్పించడం మన అలవాటు కదా, జ్వరం తగ్గిందనో, కొడుకు పాసయ్యాడనో లేచి చెబుతారు. ఒక శుక్రవారం పెద్దమ్మ లేచింది. దేవుడు చేసిన మేలు చెబుతుందనుకున్నాను.

"నిన్న టీవీలో ఒక కామెడీ సూసినాను" అని మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, ఇది సాక్ష్యం చెప్పే సమయం" అన్నాను.

"సాచ్చికమే సెప్తన్నాను. సూసింది సెప్తే సాచ్చికం కాదేటి? కూకో." కూర్చున్నాను. "శవాన్ని పడుకోబెట్టినారు. సుట్టూ ఏడుస్తున్నారు. శవం తుమ్మింది. అందరూ నవ్వినారు. మళ్ళా ఏడుపు. శవం పెళ్ళాం ఎవుడికో కన్నుకొట్టింది. మళ్ళా నవ్వినారు. శవం లేసి దాన్ని సెప్పుతో కొట్టింది. అప్పుడైతే ఇంక పడీ పడీ నవ్వినారు." ఒకసారి అందరి మొహాలూ చూసింది. ప్రతి గదిలోనూ ఒకరో ఇద్దరో సముద్రానికి పోయినవాళ్ళే. "నవ్వుకోండి. మాకు పక్కన కూకుని ఏడవడానికైనా శవం దొరకలేదు. దొరికినోళ్ళు దాంతో ఆడుకుంటున్నారు. నాను సూసింది ఇది. బకవాస్. ఆమెన్."

ఆ రోజు నేను ప్రసంగం చేయలేదు. చేసినా ఎవరూ వినేవారు కాదు. అంత నిశ్శబ్దం నా వాక్యానికి ఎప్పుడూ రాలేదు.

నన్ను కూడా వదిలిపెట్టలేదు. సునామీకి ఏడాది తిరిగిన రోజున జ్ఞాపకార్థ కూటంలో, కడపటి దినాన సముద్రం తనలో ఉన్న మృతులను అప్పగిస్తుందన్న వాగ్దానం మీద గట్టిగా చెప్పాను. జనం ఏడ్చారు. నాకు తృప్తిగా ఉంది. కూటమయ్యాక పెద్దమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"అప్పగిస్తాదా?"

"అప్పగిస్తుంది పెద్దమ్మా. వాక్యం."

"ఎప్పుడు? తేదీ సెప్పు."

"అది మనకి తెలియదు. కడపటి దినాన."

"అదే మాట నా కోడలికి కూడా సెప్పు. అది రేపటి ఓడ అనుకుంటంది. టీవీవోడు సాయంత్రం సెప్తాడు, నువ్వు శుక్రవారం సెప్తావు. మజ్జిన పిల్ల సస్తంది."

నాకు మండింది. దేవుని వాక్యాన్ని ఆ పెంట పక్కన పెడతావా అని కోపంగానే అన్నాను. ఆమె తగ్గలేదు, నేనూ తగ్గలేదు. వారం రోజులు మాటల్లేవు. వాగ్దానం వాగ్దానమే. ఆ రోజు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం నేను ఇప్పటికీ వెనక్కి తీసుకోను. వారం తర్వాత వెళ్ళి, లేఖనంలోనే ఉన్న ఒక అత్త కథ చెప్పాను. కొడుకుల్ని పోగొట్టుకుని, విధవరాలైన కోడలికి తానే దగ్గరుండి పెళ్ళి కుదిర్చిన ముసలామె. మీకు తెలుసు ఎవరో.

పెద్దమ్మ అంతా విని, "మంచిది. ఆ కోడలు అత్త మాట ఇంది" అంది.

"నీ కోడలూ వింటుంది."

"ఆ ఊర్లో టీవీ లేదు బాబూ."

అయినా వెతకడం మొదలుపెట్టింది. షెల్టర్లు ఖాళీచేసి బతు బస్తీలో అద్దె ఇంటికి మారాక, ఊళ్ళో బస్సు డిపోలో మెకానిక్‌గా చేసే ఒకతను కూటాలకి వచ్చేవాడు. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాడు. మాట తక్కువ. పెద్దమ్మ అతన్ని ఇంటికి పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టింది. కామెడీ అయ్యేదాకా అతని మొహమే చూసింది. ఒక్కచోటా నవ్వలేదట. "నచ్చలేదేటి నాయనా?" అని అడిగితే, "కొట్టడం తప్ప ఏం లేదు కదా ఆంటీ" అన్నాడట. "ఈడు సాలు" అని నాతో వచ్చి చెప్పింది.

కోడలు అవుననలేదు, కాదనలేదు. అవునని తలూపడానికి ఏళ్ళు పట్టింది. ఆ ఏళ్ళన్నీ సాయంత్రాలు పెద్దమ్మ దాని పక్కన కూర్చుని, తిరిగొచ్చిన ప్రతివాణ్ణీ తిట్టింది. గొంతు బొంగురుపోతే అల్లం నమిలి తిట్టింది.

పెళ్ళి జరిపించే అధికారం నాకు లేదు. పాస్టరుగారు వచ్చారు. మందిరంలో మూడు ఆదివారాలు ఈ పెళ్ళి ప్రకటన చదివారు. చదివి, ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండని అడిగి, ఆయన కాసేపు ఆగుతారు కదా. ఆ ఆగిన ప్రతిసారీ కోడలి భుజాలు బిగుసుకుపోవడం నేను చూశాను. పెద్దమ్మా చూసింది.

పెళ్ళి శనివారం. ముందురోజు సాయంత్రం భోజనాల సంగతి మాట్లాడదామని వెళితే, టీవీలో పెళ్ళే నడుస్తోంది. ఇంకో సీరియల్. మొగుడు సముద్రంలో పోయిన పిల్లకి మళ్ళీ పెళ్ళి. పీటల మీద కూర్చుంది. తాళి ఎత్తారు. ఉరుము. గుమ్మంలో రెండు కాళ్ళు. బూట్లు మాత్రమే చూపించారు, తడిసిన బూట్లు. ఆపేశారు. మిగతాది సోమవారం.

పెద్దమ్మ తిట్టలేదు. అది చూసి నాకు భయమేసింది.

"అత్తా" అంది కోడలు, తెరమీంచి కళ్ళు తిప్పకుండా. "రేపు వద్దు."

"ఏటే?"

"పాస్టరుగారు ఎవరికైనా అభ్యంతరమా అని అడుగుతారు. అప్పుడు గుమ్మంలో నిలబడితే?"

"ఎవులు?"

"నీ కొడుకు."

నేను నోరు తెరిచాను. నాలుక మీదికి వాక్యం వచ్చేసింది కూడా. పెద్దమ్మ నావైపు చూడకుండానే చెయ్యెత్తింది. "నువ్వూరుకో బాబూ." లేచి టీవీ కట్టేసి, కోడలి ముందు నేలమీద కూర్చుంది.

"నిలబడితే నాను సూసుకుంటాను. వాడు నా కొడుకు. ముందు నాను అడగాల్సినవి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఏ దిక్కున సచ్చినావురా అని అడుగుతాను. నువ్వు ఎనక్కి సూడకు. పాస్టరుగారి మొకం సూడు. గుమ్మం నాకొదిలీ."

"నువ్వు నా పక్కన నిలబడాలి కదా అత్తా. నాకు అమ్మ లేదు."

"పక్కన నిలబడ్డానికి సానామంది ఉన్నారు. గుమ్మానికి ఎవులున్నారు?"

మరునాడు మన ప్రార్థన మందిరం నిండిపోయింది. పెద్దమ్మ నీలం చీర కట్టుకుని అందరికంటే ముందే వచ్చింది. ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గుమ్మం మధ్యలో, రోడ్డువైపు తిప్పి వేసుకుంది. వచ్చేవాళ్ళు పక్కకి ఒదిగి లోపలికి రావలసి వచ్చింది. "ఏంటి పెద్దమ్మా, టికెట్లు చూస్తున్నావా?" అని ఎవరో ఆటపట్టిస్తే, "అవును, నీకు లేదు, ఎల్లిపో" అంది. పాట మొదలయ్యాక ఇంకెవరినీ రానివ్వలేదు.

నేను ముందు నిలబడి ఉన్నాను కనుక అందరి మొహాలూ కనిపించాయి, ఆమెది తప్ప. ఆమె వీపు, జడలేని చిన్న ముడి, గుమ్మం నిండా ఎండ.

పాస్టరుగారు అడిగారు. ఆగారు.

ముసుగు కదిలింది. చూడకూడదనుకుంటూనే కోడలు మెల్లగా వెనక్కి తిరిగింది. అది చూసి మందిరమంతా తిరిగింది. పెళ్ళికొడుకూ తిరిగాడు. పెద్దమ్మ చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని ఎడమవైపు పల్లంలోకి చూసింది. తొందరేమీ పడలేదు. కుడివైపు ఎత్తుమీదికి చూసింది. మళ్ళీ ఎడమవైపు చూసింది.

"ఎవులూ లేరు పాస్టరుగారూ" అంది, తల తిప్పకుండానే. "మేకలున్నాయి. కానీండి."

మందిరం నవ్వింది. ప్రతి నవ్వుకీ ఒక మొహం ఉన్న నవ్వు, నేను చూస్తుండగా. ముసుగులో కోడలు కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుని పాస్టరుగారివైపు తిరిగింది. ప్రమాణం గొంతు వణక్కుండా చెప్పింది. మళ్ళీ వెనక్కి చూడలేదు, ఆ రోజూ చూడలేదు, ఆ తర్వాత ఏ ఓడకీ వెళ్ళలేదు.

ఫొటోలకి అందరూ నిలబడ్డాక పెళ్ళికూతురు అత్త కోసం వెతికింది. నేను పిలవడానికి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. ఆమె అలాగే కూర్చుని ఉంది.

"పెద్దమ్మా, అయిపోయింది. ఫొటోకి రా."

"మీరు దిగండి బాబూ. నాను ఇంకాసేపు సూస్తాను."

లోపల పాటలు అందుకున్నారు. నేను వెంటనే వెళ్ళలేకపోయాను. ఆమె చెప్పు ఒకటి కాలినుంచి జారి మెట్టుమీద పడి ఉంది. రోడ్డుమీద ఎండ తెల్లగా కాస్తోంది. మేకలు కూడా వెళ్ళిపోయాయి. ఆమె చెయ్యి మళ్ళీ కళ్ళకి అడ్డం పెట్టుకుంది.